ల్యాప్‌టాపులో తెలుగు వ్రాత

వ్రాసినది నిలువవలెనన్న కోరిక వ్రాత పుట్టిననాటి నుండియు ఉన్నది. రాతిపై చెక్కినవారును, రాగిరేకుపై మలచినవారును, తాటాకుపై గంటముతో గీచినవారును తమ తరువాతివారు చదువవలెననియే అంత శ్రమకు ఓర్చుకొనిరి. తాటాకు చెదలు తిన్నను, అంచులు విరిగినను, మిగిలినంత మేరకు కంటితో చదువుకొనవచ్చును. దానిని చూచుటకు వేరొక యంత్రముతో పని లేదు.

నేడు మనలో అనేకులు ల్యాప్‌టాపు కంప్యూటరుపై తెలుగు వ్రాయుచున్నారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు తన ఊరి చరిత్రను వ్రాసికొనుచున్నాడు. ఒక ఇల్లాలు తన అత్తగారు పాడిన పెండ్లిపాటలను ఎక్కించి దాచుచున్నది. ఒక ఇంటివారు తమ వంశవృక్షమును సిద్ధము చేయుచున్నారు. ఈ వ్రాత యంతయు ఒక పలుచని పెట్టెలో, కంటికి కనబడని అంకెల రూపమున నిలిచియున్నది. ఆ అంకెలను అక్షరములుగా మార్చు ఏర్పాటు తప్పినచో వ్రాత ఉండియు లేనట్లే యగును.

ఇది వట్టి ఊహ కాదు. 1990ల నాటి నుండి కంప్యూటరుపై కూర్చిన తెలుగు ఫైలును దేనినైనను నేటి ల్యాప్‌టాపులో తెరచి చూడుడు. తెలుగునకు బదులుగా పొంతన లేని ఇంగ్లీషు అక్షరములును, చుక్కలును, గీతలును బారులు తీరి కనబడుట తరచుగా జరుగుచున్నది. వ్రాసినవారు సజీవులై యున్నచో మరల చెప్పింతురు. లేనిచో ఆ మాటలు తిరిగి వచ్చుట కష్టము. కావున ల్యాప్‌టాపు వాడువారికి పనికివచ్చు ఉపాయములు ఎన్ని యున్నను, తెలుగువారు మొదట తెలిసికొనవలసినది తమ వ్రాతను నిలుపుకొను ఉపాయమని నా మనవి. ఆ ఉపాయమునకు మూడు అంగములు: సరియైన పద్ధతిలో వ్రాయుట, సరియైన రూపములో దాచుట, ఒకటికి మించి ప్రతులు ఉంచుట. వీనికి తోడ్పడు పనిముట్లలో పెక్కు ఉచితముగనే లభించుచున్నవి.

కంప్యూటరులో తెలుగు రెండు విధములుగా ఉండును. ఈ భేదము తెలిసినచో సగము చిక్కు విడిపోవును.

మొదటి విధము పాతది. అప్పటి కంప్యూటరునకు తెలుగు అక్షరములు తెలియవు. కనుక అచ్చుకూర్పు సాఫ్ట్‌వేరు తయారు చేసినవారు ఒక యుక్తి పన్నిరి. ఇంగ్లీషు అక్షరములకును గుర్తులకును ఏర్పడిన స్థానములలో తెలుగు అక్షరముల ముక్కలను, అనగా తలకట్టులను, గుడులను, కొమ్ములను, వత్తులను బొమ్మలుగా అమర్చిరి. ఆ ఫాంటు ఉన్న యంత్రములో అది చక్కని తెలుగుగా కనబడును. ఫాంటు లేని యంత్రములో ఆ బొమ్మల చాటున ఉన్న ఇంగ్లీషు గుర్తులే బయటపడును. ఒకరి అమరిక మరియొకరి అమరికతో కలియదు. అను ఫాంట్లు మొదలైనవి ఈ కోవకు చెందినవే. వానితో వేలకొలది పుస్తకములును, పెండ్లి పత్రికలును, కరపత్రములును అచ్చయినవి. కాగితముపై అచ్చొత్తుటకు ఆ పద్ధతి బాగుగనే ఉపకరించినది. ఫైలును పదికాలములు దాచుటకు మాత్రము అది తగినది కాదు.

రెండవ విధము యూనికోడు. ప్రపంచములోని లిపులన్నింటికిని ఒకే పట్టికలో స్థానములు కల్పించిన ఏర్పాటిది. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగునకు చోటు లభించినది. మన లిపికై 128 స్థానములు కేటాయించిరి. అందులో ‘అ’ సంఖ్య 3077, ‘క’ సంఖ్య 3093. ఈ సంఖ్యలు అమలాపురములోను అమెరికాలోను ఒక్కటే. ఫాంటు మారినచో అక్షరపు ఒంపుసొంపులు మారును గాని, అక్షరము మారదు.

ఈ పద్ధతిలో కంప్యూటరు బొమ్మను దాచదు, వర్ణక్రమమును దాచును. ‘స్త్రీ’ అను మాటను చూడుడు. కంటికి అది ఒక్క అక్షరము. యంత్రమునకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, దీర్ఘమైన ఈకారపు గుడి, ఈ ఆరును వరుసగా వచ్చిన క్రమము. వానిని కలిపి ఒక్క అక్షరముగా చూపుట తెరమీద వ్రాత చూపు సాఫ్ట్‌వేరు పని. మన పిల్లలు బడిలో గుణింతమును వత్తులను నేర్చుకొను పద్ధతియే ఇది.

మీ ఫైలు ఏ విధమునకు చెందినదో తెలిసికొనుట సులభము. అందులోని ఒక వాక్యమును ప్రతి తీసి, విండోస్‌లోని నోట్‌ప్యాడులో అతికింపుడు. తెలుగుగా కనబడినచో అది యూనికోడు. ఇంగ్లీషు గుర్తులుగా కనబడినచో పాత పద్ధతి. రెండు నిమిషముల ఈ పరీక్షను మీ ముఖ్యమైన ఫైళ్లపై ఈ వారములోనే జరుపవలెను.

ఇక వ్రాయుట. ల్యాప్‌టాపులో తెలుగు వ్రాయుటకు వేరుగా ఏదియు కొనవలసిన పని లేదు. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరచి, టైమ్ అండ్ లాంగ్వేజ్ అను భాగములో లాంగ్వేజ్ అండ్ రీజియన్ అనుదానిని ఎన్నుకొని, తెలుగును చేర్చవలెను. పిదప విండోస్ గుర్తుగల మీటను అదిమిపట్టి స్పేసుబారును నొక్కినచో ఇంగ్లీషు నుండి తెలుగునకును, తెలుగు నుండి ఇంగ్లీషునకును మారవచ్చును. ఆపిల్ వారి మ్యాక్‌లోను, ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థలలోను కీబోర్డు అమరికలలో తెలుగు సిద్ధముగనే ఉన్నది.

కీబోర్డులో రెండు పద్ధతులు ముఖ్యమైనవి. ఒకటి ఉచ్చారణను అనుసరించునది. ఇంగ్లీషు అక్షరములతో ‘అమ్మ’ అని కొట్టినచో తెలుగులో ‘అమ్మ’ అని వచ్చును. విండోస్ 10లో 2019 నాటి మార్పులతో ఈ పద్ధతి తెలుగుతోపాటు మరికొన్ని భారతీయ భాషలకు వచ్చి చేరినది. లేఖిని అను ఉచిత సాధనమును తెలుగువారు అంతకు ముందు నుండియే ఇదే విధముగా వాడుచున్నారు. ఇంగ్లీషు టైపు అలవాటైనవారికి ఇది మొదటిరోజు నుండియే చేతికి వచ్చును.

రెండవది ఇన్‌స్క్రిప్టు. ఇది ప్రభుత్వ ప్రమాణము. ఎడమచేతి వైపున అచ్చులును గుణింతపు గుర్తులును, కుడిచేతి వైపున హల్లులును ఉండును. ‘క’ ఉన్న మీటనే షిఫ్టుతో నొక్కినచో ‘ఖ’ వచ్చును. ‘గ’ ఉన్న మీటతో అట్లే ‘ఘ’ వచ్చును. ఇందు ఇంగ్లీషు స్పెల్లింగుతో పని లేదు. కావున ఇంగ్లీషు రాని పెద్దలు సైతము దీనిని నేర్వవచ్చును. మరియొక లాభము కలదు. హిందీ, కన్నడము, తమిళము, మలయాళము మొదలైన భాషలలో కూడ ‘క’ అదే మీటపై ఉండును. తెలుగులో చేయి కుదిరినచో ఇతర భారతీయ భాషలలో వ్రాయుటకు మరల మొదటి నుండి నేర్వనక్కరలేదు. చేయి కుదురుటకు కొన్ని వారముల అభ్యాసము కావలెను. దినమునకు రెండుమూడు పుటలకు మించి వ్రాయువారు ఈ శ్రమ పడుటయే మేలు.

వ్రాయునప్పుడు గుర్తుంచుకొనవలసిన చిన్న విషయములు కొన్ని కలవు. చిన్నవైనను ఫలితము పెద్దది.

మొదటిది సున్న. పూర్ణానుస్వారమును వ్రాయవలసినచోట కొందరు అంకెలలోని సున్నను కొట్టుదురు. కంటికి రెండును ఒకేవిధముగ నుండును. కాని యంత్రమునకు అవి వేరువేరు. అట్లు వ్రాసిన ఫైలులో ‘పండుగ’ అని వెదకినచో దొరకదు. వంద పుటల పుస్తకములో ఈ తప్పు నిండియున్నచో అకారాది సూచిక సైతము తారుమారగును. విసర్గకు బదులు ఇంగ్లీషు రెండుచుక్కల గుర్తును వాడుటయు ఇట్టిదే. ప్రూఫు దిద్దు కన్ను కూడ వీనిని పట్టలేదు. కనుక మొదటనే సరియైన మీటను నొక్కుట ఒక్కటే మార్గము.

రెండవది దిద్దుబాటు మీటలు. విండోస్‌లో సాధారణముగా బ్యాక్‌స్పేసు మీట చివరి వర్ణమును మాత్రమే తుడుచును. ‘స్త్రీ’లో గుడి పోయి ‘స్త్ర’ నిలుచును. డిలీటు మీట ముందున్న అక్షరమును మొత్తముగా తొలగించును. గుణింతము మాత్రమే తప్పినప్పుడు మొదటిదియు, అక్షరమే తప్పినప్పుడు రెండవదియు వాడినచో పని తగ్గును.

మూడవది పొల్లును విడిగా నిలుపుట. ‘సాఫ్ట్‌వేరు’ అని వ్రాయబోయినప్పుడు టకారము క్రింద వకారపు వత్తు చేరి ‘సాఫ్ట్వేరు’ అగుట మీరు చూచియుందురు. పొల్లు తరువాత కంటికి కనబడని ఒక విభజన గుర్తును చేర్చినచో వత్తు ఏర్పడదు. మైక్రోసాఫ్టు వర్డులో రెండు, సున్న, సున్న, ఇంగ్లీషు సి అను నాలుగింటిని కొట్టి, ఆల్టు మీటతో ఎక్స్ నొక్కినచో అవి మాయమై ఆ గుర్తు నిలుచును. ఇతర భాషల పేర్లను వ్రాయునప్పుడు ఇది తరచుగా అవసరమగును.

నాలుగవది అతికించు పని. విండోస్ 10లో 2018 చివరి నుండి ఒక సదుపాయము కలదు. విండోస్ మీటతో వి అను అక్షరమును నొక్కినచో, మీరు ఇటీవల ప్రతి తీసిన వాక్యములన్నియు ఒక జాబితాగా కనబడును. మొదటిసారి దానిని వాడుకలోనికి తెచ్చుటకు అనుమతి అడుగును. పాఠాంతరములు సరిచూచువారికిని, ఒకే చిరునామాను పలుమారులు వ్రాయువారికిని ఇది కుడిభుజము వంటిది. అట్లే విండోస్, షిఫ్టు మీటలతో ఎస్ నొక్కినచో తెరపై కావలసిన భాగమును బొమ్మగా తీసికొనవచ్చును.

పాత వ్రాతపై ఆసక్తి కలవారికి ఒక ముచ్చట. పూర్వపు అచ్చు పుస్తకములలో నకారపొల్లునకు ప్రత్యేకమైన రూపము ఉండెడిది. దానికి యూనికోడులో 2021లో వేరుగా స్థానము లభించినది. దంత్యములైన చ, జలకు 2008లోనే వచ్చినది. పాత గ్రంథములను ఉన్నదున్నట్లుగా ఎక్కింపగోరువారికి ఇప్పుడు సాధనము కొరవడలేదు. ఫాంటులో ఆ రూపము ఉన్నదో లేదో మాత్రము చూచుకొనవలెను.

ఫాంట్ల విషయములో తెలుగువారు ఇప్పుడు పేదలు కారు. విండోస్‌లో గౌతమి, నిర్మల మొదలైనవి వచ్చుచున్నవి. తిరుమల కృష్ణ దేశికాచారిగారు రూపొందించిన పోతన, వేమన అను ఫాంట్లు ఎందరో తెలుగువారికి యూనికోడు రుచి చూపినవి. సిలికానాంధ్ర సంస్థ వెలువరించిన రామభద్ర, మండలి, గిడుగు, గురజాడ, సూరవరము, పెద్దన, తిమ్మన మొదలైన ఫాంట్లను ఎవరైనను ఉచితముగా దించుకొని అచ్చుపనికి సైతము వాడుకొనవచ్చును. చదువు పుస్తకమునకు ఒక తీరు, శీర్షికలకు వేరొక తీరు ఎంచుకొనుటకు తగినంత వైవిధ్యము ఇందు కలదు.

ఇప్పటికే పాత పద్ధతిలో ఉన్న ఫైళ్ల మాట ఏమి? వానిని యూనికోడునకు మార్చు సాధనములు కలవు. ఏ ఫాంటుతో కూర్చినదో తెలిసియుండుట ముఖ్యము. ఎందుకనగా ఒక్కొక్క అమరికకు ఒక్కొక్క మార్పిడి పట్టిక కావలసియుండును. ఫాంటు పేరు తెలియుటకు ఫైలును వర్డులో తెరచి, అక్షరములను ఎన్నుకొనినచో పైనున్న గడిలో పేరు కనబడును. మార్పిడి తరువాత వత్తులు, రేఫములు, అరసున్నలు, అంకెలు, విరామచిహ్నములు ఉన్నచోట్ల తప్పులు దొర్లుట సహజము. కనుక మొదట ఒక్క పుటను మార్చి, మూలముతో అక్షరమక్షరము పోల్చి చూడవలెను. పాత ఫైలును తుడిచివేయరాదు. పాత ఫాంటు ఇంకను పనిచేయు యంత్రము ఎక్కడనైనను ఉన్నచో, అందులో ఆ ఫైలును పిడిఎఫ్‌గా మార్చి ఒక ప్రతిని దాచవలెను. అది చూచుటకైనను మిగులును. ఆ యంత్రములు ఒక్కొక్కటిగా మూలపడుచున్నవి; ఈ పనికి జాగు పనికిరాదు.

కాగితముపై మాత్రమే ఉన్న వ్రాతకు మరియొక మార్గము కలదు. అచ్చు పుటను ఫోనుతోనో స్కానరుతోనో బొమ్మ తీసి, గూగుల్ డ్రైవులో చేర్చి, ఆ బొమ్మను గూగుల్ డాక్స్‌తో తెరచినచో బొమ్మ క్రింద అక్షరములు తెలుగుగా వెలువడును. టెసరాక్టు అను ఉచిత సాధనము కూడ తెలుగు అచ్చును గుర్తించును. దానిని మొదట హ్యూలెట్ ప్యాకార్డ్ వారు 1980లలో ప్రారంభించిరి. 2005లో అందరికి ఉచితముగా విడుదల చేసిరి. తెలుగు వికీసోర్సులో స్వచ్ఛందముగా పనిచేయువారు ఇట్టి సాధనములతోనే పాత పుస్తకములను అక్షరబద్ధము చేయుచున్నారు. అయితే మకారమును ‘వు’గాను, పకారమును వకారముగాను యంత్రము పొరబడవచ్చును. ఇంటిలో చదువుకొనిన పెద్దలకు ఈ ప్రూఫు పని మంచి కాలక్షేపము. పుట తిన్నగా, వెలుతురు సమముగా ఉండునట్లు బొమ్మ తీసినచో తప్పులు చాలవరకు తగ్గును.

చేతితో వ్రాసిన ఉత్తరములను యంత్రము సరిగా చదువుననుకొనరాదు. వానికి నోటిమాట సాయము తీసికొనవచ్చును. గూగుల్ డాక్స్‌ను క్రోములో తెరచి, టూల్స్ పట్టికలో వాయిస్ టైపింగ్‌ను ఎన్నుకొని, భాషను తెలుగుగా మార్చి, ఒకరు ఉత్తరమును నిదానముగా చదివినచో మాటలు తెరపై పడును. ఇంటర్నెట్టు ఉండవలెను. విరామచిహ్నములను తరువాత మనమే పెట్టుకొనవలెను. కీళ్లనొప్పులచే మీటలు నొక్కలేని వృద్ధులు తమ జ్ఞాపకములను ఈ విధముగా చెప్పి వ్రాయింపవచ్చును.

చెప్పి వ్రాయించుట యెట్లో, వ్రాసినది విని తెలిసికొనుటయు అట్లే కలదు. కంటిచూపు లేనివారి కొరకు ఎన్‌విడిఎ అను ఉచిత సాఫ్ట్‌వేరు ఉన్నది. చూపు లేని మైకేల్ కరన్ అను ఆస్ట్రేలియా యువకుడు 2006లో దాని నిర్మాణమును ప్రారంభించెను. అది తెరపైనున్న వ్రాతను బిగ్గరగా చదువును. దానితో వచ్చు ఈస్పీక్ గొంతులో తెలుగు కూడ ఉన్నది. ఆ గొంతు మన వార్తలు చదువువారి గొంతువలె మధురముగా ఉండదు, యంత్రపు గొంతే. కాని దాని సాయముతో చూపు లేని విద్యార్థి పరుల సాయము కోరకయే పాఠము వినగలడు. ఇక్కడనే యూనికోడు విలువ తేటతెల్లమగును. పాత పద్ధతిలో వ్రాసిన తెలుగు పాఠము ఆ సాఫ్ట్‌వేరునకు తెలుగు కాదు. అర్థము లేని ఇంగ్లీషు గుర్తుల వరుస మాత్రమే. అదే పాఠము యూనికోడులో ఉన్నచో చూపు ఉన్నవారికిని లేనివారికిని సమానముగ అందును. పాఠశాలల కొరకు తెలుగులో ప్రశ్నపత్రములను, పాఠములను తయారు చేయువారు ఈ ఒక్క విషయము మనసునందుంచుకొనవలెను.

ఇక దాచుట. ఏ ఫైలునైనను రెండు రూపములలో దాచుట మంచిది. మార్పులు చేసికొనుటకు వీలైన రూపము ఒకటి, చూచుటకు స్థిరమైన రూపము ఒకటి. మొదటిదానికి మైక్రోసాఫ్టు వర్డు ఉన్నవారు దానిని వాడుదురు. అది కొననివారికి 2010లో మొదలైన లిబ్రెఆఫీసు ఉచితముగా లభించుచున్నది. అది వాడు ఓపెన్ డాక్యుమెంటు రూపమును 2006లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరించిరి. ఒక్క సంస్థ చేతిలో లేని రూపమగుటచే ముందుముందు కూడ దానిని తెరచు సాధనములు ఉండునని నమ్మవచ్చును. అలంకారములు అక్కరలేని వ్రాతకు నోట్‌ప్యాడులో దాచిన సాదా పాఠమే అన్నింటికంటె గట్టిది.

రెండవది పిడిఎఫ్. ఇందు ఫాంటు ఫైలులోనే ఇమిడియుండుటచే ఎక్కడ తెరచినను పుట మారదు. దీర్ఘకాలము దాచుటకై పిడిఎఫ్-ఎ అను ప్రమాణము 2005లో ఏర్పడినది. లిబ్రెఆఫీసులో ఎగుమతి చేయునప్పుడు దానిని ఎన్నుకొనవచ్చును. కాని ఒక హెచ్చరిక. పిడిఎఫ్ నుండి తెలుగు వాక్యమును ప్రతి తీసినప్పుడు వత్తులు గుణింతములు చెదరుట తరచుగా జరుగును. కనుక పిడిఎఫ్ ఉన్నది గదా అని మూలమును పారవేయరాదు. పుస్తకము అచ్చువేయించినవారు ముద్రాపకుని వద్ద నుండి పిడిఎఫ్‌తోపాటు కూర్పు ఫైలును కూడ అడిగి తీసికొనవలెను.

ఫైలునకు పేరు పెట్టుటలోను పద్ధతి ఉండవలెను. ‘కొత్తది’, ‘చివరిది’, ‘అసలు చివరిది’ అను పేర్లు ఆరు నెలల తరువాత వ్రాసినవారికే తెలియవు. విషయము పేరు, దాని వెంట సంవత్సరము, నెల, తేది ఈ క్రమములో పెట్టినచో ఫైళ్లు తమంతట తామే వరుసలో నిలుచును. పేరు తెలుగులో పెట్టినను విండోస్ చక్కగా గ్రహించును. ఎక్కడ దాచితిమో మరచినవారికి ఎవ్రీథింగ్ అను చిన్న ఉచిత సాధనము పేరులోని రెండు అక్షరములు కొట్టగనే ఫైలును చూపును.

మూడవ అంగము ప్రతులు. తాటాకుల కాలమున గ్రంథములు నిలిచినది ఆకు గట్టిదనము వలన మాత్రమే కాదు. లేఖకులు మరల మరల ప్రతులు వ్రాయుట వలన. సి.పి. బ్రౌను దొరగారు కడపలో పండితులను, లేఖకులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములు మొదలుకొని ఎన్నియో గ్రంథములకు ఆ కృషి ప్రాణము పోసినది. అప్పుడు ఒక ప్రతికి నెలలు పట్టెడిది. నేడు నిమిషము చాలును. అయినను మనము ఆ నిమిషమును వెచ్చించుట లేదు.

ఛాయాచిత్రముల భద్రతను గూర్చి వ్రాసిన పీటర్ క్రోగ్ అను అమెరికా ఛాయాగ్రాహకుడు ప్రచారమునకు తెచ్చిన సూత్రము ఒకటి కలదు. ప్రతులు మూడు ఉండవలెను; అవి రెండు రకముల సాధనములపై ఉండవలెను; ఒకటి ఇంటికి వెలుపల ఉండవలెను. ల్యాప్‌టాపులో ఒకటి, విడిగా దొరకు హార్డ్‌డిస్కులో ఒకటి, వేరొక ఊరిలోని కుమార్తె యింటనో లేక ఇంటర్నెట్టు నిల్వలోనో ఒకటి. వరద వచ్చినను, దొంగతనము జరిగినను మూడును ఒకేమారు పోవు. ఖర్చును గూర్చి భయపడనక్కరలేదు. తెలుగు వర్ణమొకటి సాదా పాఠములో మూడు బైట్లు పట్టును. ఆ లెక్కన మూడువందల పుటల నవల రెండు మెగాబైట్లకు అటునిటుగా ఇమిడిపోవును. ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము తరచుగా అంతకంటె పెద్దది. ఒక మనిషి జీవితకాలములో వ్రాసినదంతయు అతి చౌకగా దొరకు పెన్‌డ్రైవులో సైతము పట్టును. అయితే పెన్‌డ్రైవును బీరువాలో పెట్టి ఏండ్ల తరబడి మరచిపోరాదు. ఏడాదికొకసారి తెరచి, చదివి చూచి, కొత్తదానిలోనికి మార్చుచుండవలెను.

వన్‌డ్రైవు, గూగుల్ డ్రైవు వంటి నిల్వలు మంచివే. అవి ఇంటివెలుపలి ప్రతిగా పనికివచ్చును. కాని అవి ల్యాప్‌టాపుతో ముడిపడియుండునప్పుడు ఇక్కడ తుడిచినది అక్కడ కూడ తుడుచుకొనిపోవును. పొరబాటున తుడిచినవి చెత్తబుట్టలో సాధారణముగా 30 దినములు మాత్రమే నిలుచును. కావున వానిని నమ్ముకొని హార్డ్‌డిస్కు ప్రతిని మానరాదు.

మరియొక్క విషయము ఇంటిపెద్దలు ముఖ్యముగా వినవలెను. నేటి కొత్త విండోస్ ల్యాప్‌టాపులలో పెక్కింటిలో డిస్కు తనంతట తానే తాళము వేసికొనియుండును. దొంగ చేతిలో పడినను లోపలి విషయములు బయటపడకుండుటకు ఈ ఏర్పాటు. అయితే యంత్రము చెడి మరమ్మతు జరిగినప్పుడో, లోపలి అమరికలు మారినప్పుడో అది 48 అంకెల తాళపు సంఖ్యను అడుగవచ్చును. ఆ సంఖ్య సాధారణముగా యజమాని మైక్రోసాఫ్టు ఖాతాలో ఉండును. అది లేనిదే మరమ్మతు చేయువారును ఏమియు చేయజాలరు. కావున దానిని వెదకి, కాగితముపై వ్రాసి, ఇంటి దస్తావేజులున్న పెట్టెలో ఉంచవలెను. ఖాతా పేరు, సంకేతపదము కూడ నమ్మకమైన ఒకరికి తెలియునట్లు ఏర్పాటు చేయవలెను. గూగుల్‌లో 2013 నుండి ఒక సదుపాయము కలదు. మనము నిర్ణయించినంత కాలము ఖాతాను వాడనిచో, మనము పేర్కొనిన వ్యక్తికి అందులోని విషయములు అందునట్లు చేయవచ్చును. ఆస్తికి వీలునామా వ్రాయువారు వ్రాతకు వారసుని ఏర్పరచుట మరువరాదు.

పాత ల్యాప్‌టాపు ఉన్నవారికి ఒక మాట. విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11ను మోయలేని యంత్రమును వెంటనే పారవేయనక్కరలేదు. ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలను అందు ప్రవేశపెట్టినచో తెలుగు వ్రాతపనికి చాలకాలము ఉపయోగపడును. అట్టి మార్పు చేయుటకు ముందు ప్రతులు తీసికొనుట విధి.

ఇంతకును చెప్పవచ్చినది సంగ్రహముగా ఇది. వచ్చు ఆదివారమున ఒక పూట తీరిక చేసికొని, మీ ల్యాప్‌టాపులోని తెలుగు ఫైళ్లలో ముఖ్యమైన పదింటిని ఎన్నుకొనుడు. నోట్‌ప్యాడు పరీక్ష జరుపుడు. పాత పద్ధతిలో ఉన్నవానిని యూనికోడునకు మార్చు పని ప్రారంభింపుడు. ప్రతిదానికి మార్చుకొను రూపము, పిడిఎఫ్ రూపము రెండును సిద్ధము చేసి, తేదితో పేరు పెట్టి, మూడు చోట్ల దాచుడు. తాళపు సంఖ్యను కాగితముపై వ్రాయుడు. ఈ పని ఇంటిలోని పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చేసినచో మరియు మంచిది. యంత్రము సంగతి వారికి ఎక్కువగా తెలిసియుండవచ్చును. ఆ ఫైలులోని పెండ్లిపాట ఎవరు పాడినదో, ఆ ఉత్తరము ఏ ఊరి నుండి వచ్చినదో చెప్పవలసినవారు మాత్రము పెద్దలే.